నలుగురిలో కలిస్తేనే నాలుగు వార్తలు

జర్నలిజం కోర్సులో చేరినవాళ్లకు మొదటి నెలలో రెండు పరీక్షలు ఎదురవుతాయి. సిలబస్‌లో రెండూ ఉండవు. పక్క బెంచీలో కూర్చున్నవాళ్లతో మాట కలపడం మొదటిది. బస్టాండులోనో, కలెక్టరేట్ వరండాలోనో ముక్కూమొహం తెలియని మనిషిని పలకరించి, పేరూ ఊరూ కష్టమూ అడిగి రాసుకురావడం రెండోది. మొదటిదాన్ని క్యాంపస్‌లో కుదురుకోవడం అంటారు, రెండోదాన్ని రిపోర్టింగ్ అంటారు. రెండింటికీ కావలసిన సత్తా ఒకటే. తెలియనివాళ్లతో మాట మొదలుపెట్టాలి, వాళ్లు చెప్పేది తుదకంటా వినాలి, మళ్లీ వెళ్తే తలుపు తీసేంత నమ్మకం సంపాదించాలి. ఈ వృత్తి తనకు పడుతుందో లేదో తేల్చుకోవడానికి కాలేజీని మించిన చోటు లేనిది అందుకే. ఇక్కడ తప్పు చేస్తే పోయేవి నాలుగు మార్కులు. ఉద్యోగంలో చేరాక అదే తప్పుకు పోయేది పరువు.

ఇంటర్ గేటు దాటాక

తెలుగు రాష్ట్రాల్లో చాలామందికి కాలేజీ జీవితం నిజంగా మొదలయ్యేది డిగ్రీతోనే. రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్మీడియట్ చదివినవారికి ఆ రెండేళ్లూ గంట కొట్టినట్టు నడుస్తాయి. తెల్లారకముందే స్టడీ అవర్, తర్వాత తరగతులు, మళ్లీ స్టడీ అవర్, వారాంతంలో పరీక్ష, ఆపైన ర్యాంకు. పక్కవారితో మాట్లాడటం క్రమశిక్షణ తప్పడం కిందకి వస్తుంది. ఎవరితో కలిసి కూర్చోవాలో కూడా మార్కులను బట్టి చేసిన సెక్షన్లే తేలుస్తాయి. అలా రెండేళ్లు గడిపి డిగ్రీలోకి, ఆపైన విశ్వవిద్యాలయంలోకి వచ్చినవారికి గేటు ఒక్కసారిగా తెరుచుకుంటుంది. తరగతులు కొన్ని గంటలే, మిగతా పొద్దంతా సొంతం. క్లాసుకు రాలేదేమని అడిగేవారుండరు. తిన్నావా అని అడిగేవారూ ఉండరు.

జర్నలిజం తరగతి మిగతావాటికన్నా కలగూరగంప. ఏ డిగ్రీ చేసినా పీజీలో చేరే వీలుండటంతో బీఏ తెలుగు చదివినవారు, బీకాం వారు, బీటెక్ వదిలి వచ్చినవారు, ఊళ్లో విలేకరిగా పనిచేసి వచ్చినవారు ఒకే గదిలో కూర్చుంటారు. శ్రీకాకుళం, పాలమూరు, కడప యాసలు పక్కపక్కనే వినిపిస్తాయి. తెలుగు రాయడం రాదని ఇంగ్లిష్ మీడియం వారికి బెరుకు, ఇంగ్లిష్ మాట్లాడటం రాదని తెలుగు మీడియం వారికి బెరుకు. ఒకరి బెరుకు ఇంకొకరి కంటికి పొగరులా కనిపిస్తుంది. మొదటి వారాల్లో గుంపులు జిల్లా పేరు మీదో, చదివిన కాలేజీ మీదో, కులం మీదో కడతాయి. తెలిసిన యాస వినిపించిన వైపు వెళ్లడం సహజమే. ఏడాదంతా ఆ గుంపులోనే ఉండిపోతే మాత్రం అది చదువులోనే నష్టం. ఒకే రకం మనుషులతో తిరిగే విలేకరికి ఒకే రకం వార్తలు దొరుకుతాయి.

స్నేహానికీ ఓ లెక్క ఉంది

కొత్తచోట స్నేహితులు దొరకడం స్వభావాన్ని బట్టి ఉంటుందని అందరూ అనుకుంటారు. సామాజిక మనస్తత్వ శాస్త్రం చెప్పేది కొంచెం వేరు. లియోన్ ఫెస్టింజర్, ఆయన సహచరులు అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ విద్యార్థుల నివాసాలను పరిశీలించి 1950లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఎవరికి ఎవరు స్నేహితులయ్యారన్నది చాలావరకు ఎవరి తలుపు ఎవరి తలుపుకు దగ్గర, రోజూ ఎవరు ఎవరికి ఎదురుపడతారన్న దాన్ని బట్టి తేలింది. మెట్ల దగ్గర ఇళ్లున్నవారికి పై అంతస్తువారితోనూ పరిచయాలు పెరిగాయి.

కాన్సస్ విశ్వవిద్యాలయానికి చెందిన జెఫ్రీ హాల్ 2018లో దీనికి గంటల లెక్క కట్టారు. పరిచయం మామూలు స్నేహంగా మారడానికి కలిసి గడిపిన సమయం సుమారు 50 గంటలు, స్నేహం గట్టిపడటానికి సుమారు 90 గంటలు, ప్రాణస్నేహానికి 200 గంటలకు పైగా పడుతుందని ఆయన అంచనా. అదే ఏడాది ఎరికా బూత్‌బీ బృందం ఇంకో సంగతి గమనించింది. కొత్తవాళ్లతో మాట్లాడి వచ్చాక, అవతలివారికి తాము నచ్చిన దానికన్నా తక్కువ నచ్చామని మనుషులు అనుకుంటారు. కొత్తగా చేరి ఒకేచోట ఉంటున్న కాలేజీ విద్యార్థుల్లోనూ ఈ అపోహ నెలల తరబడి కొనసాగింది.

హాస్టల్ భాషలోకి తెస్తే వీటి సారం తేలికే. మొదటి నెలలో స్నేహితులు లేరని కుంగిపోనక్కర్లేదు, ఇంకా గంటలు నిండలేదంతే. రోజూ ఒకే వేళకు మెస్‌కు వెళ్లడం, గ్రంథాలయంలో ఒకే బల్ల దగ్గర కూర్చోవడం, ఒకే చాయ్ బండి దగ్గర ఆగడం వంటి చిన్న అలవాట్లు ఎదురుపడే అవకాశాన్ని పెంచుతాయి. పనిలో కలిసినప్పుడు గంటలు తొందరగా నిండుతాయి. గోడపత్రిక, ఎన్‌ఎస్‌ఎస్ శిబిరం, నాటకం, క్యాంపస్ రేడియో అందుకు దారులు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలోని సరోజినీ నాయుడు స్కూల్‌కు ‘బోల్ హైదరాబాద్’ పేరుతో 90.4 ఎఫ్‌ఎంలో సొంత రేడియో ఉంది. ఒక కార్యక్రమం తయారవ్వాలంటే రాసేవారు, చదివేవారు, శబ్దం చూసేవారు కలిసి కూర్చోక తప్పదు. మాటకారి కానివారికి కూడా అక్కడ ఒక పని, పనితోపాటు ఒక చోటు దొరుకుతాయి.

కలుపుకోవడం పేరుతో జరిగే వేధింపును మాత్రం సర్దుకుపోవడం ఖాతాలో వేయకూడదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1997లోనే ర్యాగింగ్ నిషేధ చట్టం చేసింది. యూజీసీ నిబంధనలు 2009లో వచ్చాయి. జాతీయ హెల్ప్‌లైన్ 1800-180-5522 ఇరవైనాలుగు గంటలూ పనిచేస్తుంది. ఒంటరితనం తిండినీ నిద్రనూ చెడగొట్టే దాకా వస్తే, 2022లో కేంద్రం మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416 నంబరులో తెలుగులోనే మాట్లాడవచ్చు.

పట్టాకన్నా ముందే పుట్టిన పత్రికలు

తెలుగు పత్రికలను నిలబెట్టిన తొలి తరంవారు జర్నలిజం తరగతిలో కూర్చోలేదు. కందుకూరి వీరేశలింగం 1874లో వివేకవర్ధని తెచ్చారు. 1902లో మచిలీపట్నంలో మొదలైన కృష్ణాపత్రికకు ముట్నూరి కృష్ణారావు 1907 నుంచి 1945లో మరణించేదాకా సంపాదకత్వం వహించారు. కాశీనాథుని నాగేశ్వరరావు 1908లో బొంబాయిలో వారపత్రికగా మొదలుపెట్టిన ఆంధ్రపత్రిక 1914లో మద్రాసు నుంచి దినపత్రిక అయింది. సభలూ, ఉద్యమాలూ, ఉత్తరాలే వాళ్లకు పాఠశాల.

సురవరం ప్రతాపరెడ్డి జీవితంలో విద్యార్థి వసతిగృహమూ పత్రికా పక్కపక్కనే నడిచాయి. హైదరాబాద్‌లో రెడ్డి హాస్టల్ బాధ్యతలు చూసిన ఆయన 1926లో గోలకొండ పత్రిక స్థాపించారు. నిజాం రాజ్యంలో తెలుగు కవులు లేరన్న వ్యాఖ్యకు జవాబుగా 354 మంది కవుల రచనలతో 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. ఊరూరా ఉన్న కవుల ఆచూకీ పట్టి, వారి రచనలను ఒకచోట చేర్చిన పని అది. జర్నలిజానికి దాన్ని మించిన పాఠం అరుదు.

చదువుగా జర్నలిజం తెలుగునేల మీద అడుగుపెట్టింది 1954లో, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో. దేశంలోని తొలి జర్నలిజం శాఖల్లో ఇదొకటి. ఢిల్లీలో భారతీయ జనసంచార సంస్థ, అంటే ఐఐఎంసీ, ఆ తర్వాత పదకొండేళ్లకు 1965లో మొదలైంది. 1974లో విశాఖపట్నంలో ఈనాడు పుట్టాక, 1989లో జిల్లా పేజీలు విడిగా రావడంతో ఊరి వార్తకు చోటు పెరిగింది, రాసేవారి అవసరమూ పెరిగింది. పత్రికలు సొంత జర్నలిజం స్కూళ్లు పెట్టుకున్నాయి. భాషాశాస్త్రవేత్త బూదరాజు రాధాకృష్ణ ఈనాడు స్కూల్‌లో తీర్చిదిద్దిన విద్యార్థులు తర్వాత తెలుగు న్యూస్‌రూంల నిండా కనిపించారు. జిల్లా వార్త సత్తా ఏమిటో 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట చూపింది. సారాపై అక్కడి ఆడవాళ్లు మొదలుపెట్టిన పోరాటాన్ని పత్రికలు ఊరూరికీ చేర్చాయి. 1993లో ప్రభుత్వం సారాను నిషేధించింది.

న్యూస్‌రూం లోపలి సంగతి

బయటి నుంచి చూసేవారికి జర్నలిస్టు అంటే మైకు పట్టుకున్న మనిషి. లోపల పని రెండు పాయలు. వార్త తెచ్చేది రిపోర్టింగ్, దాన్ని దిద్ది శీర్షిక పెట్టి పేజీలో కూర్చేది డెస్క్. డెస్క్‌లో సబ్ ఎడిటర్ పొద్దు వాలాక మొదలై అచ్చుకు పేజీ వెళ్లేదాకా పనిచేస్తారు. ఊరంతా పండగ చేసుకునే రోజున, ఎన్నికల ఫలితాల రాత్రి, తుపాను వచ్చిన వేళ సెలవు దొరకదు. టీవీలో అయితే బులెటిన్‌కూ బులెటిన్‌కూ మధ్య ఊపిరి తీసుకునే సందు తక్కువ. కెమెరా ముందు ఎవరైనా చెప్పిన మాట, అంటే బైట్, పట్టుకురావడం, ఫోన్‌లోనే వార్త చెప్పే ఫోనో ఇవ్వడం, తెర అడుగున కదిలే స్క్రోలింగ్‌కు లైన్లు పంపడం ఒకేసారి జరగాలి. డిజిటల్‌లో గడువనేదే చెరిగిపోయింది. ప్రతి నిమిషమూ గడువే.

చట్టం మాత్రం పని వేళలకు హద్దు పెట్టింది. 1955 నాటి వర్కింగ్ జర్నలిస్టుల చట్టం ప్రకారం వరసగా నాలుగు వారాల్లో 144 గంటలకు మించి పని చేయించకూడదు, ప్రతి ఏడు రోజుల్లో ఒక పూర్తి రోజు విశ్రాంతి ఇవ్వాలి. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత కోడ్‌లో ఈ చట్టాన్ని కలిపారు. జర్నలిస్టుల జీతాలపై మజీఠియా వేతన సంఘం చేసిన సిఫార్సులను కేంద్రం 2011లో నోటిఫై చేస్తే, 2014లో సుప్రీంకోర్టు సమర్థించింది. కాగితం మీది ఈ హక్కులు ఎంతమందికి అందుతాయన్నది నియామకపత్రం ఏ పేరు మీద ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది.

నిచ్చెనలో అట్టడుగు మెట్టు మండల కంట్రిబ్యూటర్‌ది. ఊళ్లో అందరూ ఆయన్ను విలేకరి అనే పిలుస్తారు, సంస్థ దస్త్రాల్లో మాత్రం ఉద్యోగి కారు. అచ్చయిన వార్త కొలతను బట్టి వచ్చే ‘లైన్ అకౌంట్’ డబ్బు పెట్రోలు ఖర్చుకు సరిపోవడమే గగనం. పైగా ప్రకటనలు, చందాలు తెచ్చే బాధ్యత. వార్త రాయాల్సిన మనిషి దగ్గరికే ప్రకటన కోసం వెళ్లాల్సి రావడం తెలుగు జర్నలిజంలో పాత పుండు. ఈ వృత్తిలోకి రావాలనుకునేవారు ముందుగా అడగాల్సింది జీతం ఎంత అని కాదు. నియామకపత్రం ఇస్తారా, ప్రకటనల లక్ష్యం ఉంటుందా, మొదటి రెండేళ్లు ఇంటి సాయం లేకుండా బతకగలమా అని.

ప్రమాదాలూ ఉన్నాయి. రిపోర్టర్స్ వితవుట్ బోర్డర్స్ 2025 పత్రికా స్వేచ్ఛ సూచీలో 180 దేశాల్లో భారత్‌ది 151వ స్థానం. పరువునష్టం నేటికీ క్రిమినల్ నేరమే. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా శిక్ష పడవచ్చు. హైదరాబాద్‌లో ఇమ్రోజ్ పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను 1948 ఆగస్టులో రాతల కారణంగానే హత్య చేశారన్నది ఈ వృత్తి చరిత్రలో చెరగని పుట.

ఇంత చెప్పాక కూడా కొత్తవారు ఎందుకు వస్తున్నారంటే, ఒక మనిషి బాధను పదిమంది పట్టించుకునేలా చేయగల ఉద్యోగాలు ఎక్కువ లేవు. దారులు కూడా పెరిగాయి. బీబీసీ తెలుగు 2017లో మొదలైంది. లెక్కలు, దస్త్రాలు తవ్వి నిజానిజాలు తేల్చే ఫ్యాక్ట్‌లీ వంటి వేదిక హైదరాబాద్ నుంచే నడుస్తోంది. జహీరాబాద్ దగ్గరి మాచనూరులో దళిత మహిళలు నడిపే సంఘం రేడియో 2008 నుంచి పల్లె గొంతును వినిపిస్తోంది. డిగ్రీ లేకపోవడం దానికి అడ్డు రాలేదు.

చదువు ఇచ్చేది, ఇవ్వనిది

ప్రవేశాలకు మూడు తోవలున్నాయి. తెలంగాణ రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో పీజీకి సీపీగెట్, ఆంధ్రప్రదేశ్‌లో ఏపీ పీజీసెట్, కేంద్ర సంస్థల్లో చాలా కోర్సులకు సీయూఈటీ పీజీ రాయాలి. ప్రైవేటు రంగంలో చెన్నైలోని ఏషియన్ కాలేజ్ ఆఫ్ జర్నలిజం పేరున్నది, ఇంగ్లిష్ జర్నలిజం వైపు వెళ్లేవారికి పనికొస్తుంది. ఫీజు మాత్రం ప్రభుత్వ విశ్వవిద్యాలయాలతో పోల్చలేనంత. మూడో తోవ పత్రికల సొంత స్కూళ్లు. రాత పరీక్షతో ఎంపిక చేసి, శిక్షణ కాలంలో భృతి ఇచ్చి, తర్వాత కొన్నేళ్లు తమ దగ్గరే పనిచేయాలని ఒప్పందం రాయించుకోవడం అక్కడి పద్ధతి. సంతకం పెట్టేముందు ఆ ఒప్పందాన్ని ఇంట్లో పెద్దలతో కలిసి చదవడం మంచిది.

విశ్వవిద్యాలయం మీడియా చట్టాలు, చరిత్ర, సిద్ధాంతాలు, పరిశోధన నేర్పుతుంది. రెండేళ్ల తీరిక కూడా ఇస్తుంది. పత్రికా స్కూలు వేగాన్ని, భాషను, పేజీ పనిని నేర్పుతుంది. రెండూ నేర్పలేనిది విషయ పరిజ్ఞానం. సాగునీటి గురించి రాయాలంటే క్యూసెక్కుకూ టీఎంసీకీ తేడా తెలియాలి. మొదటిది నీటి ప్రవాహం, రెండోది నిల్వ. కోర్టు వార్తకు నిందితుడు వేరు, దోషి వేరు. బడ్జెట్ వార్తకు అంచనా వేరు, ఖర్చు వేరు. అందుకే ఆర్థికశాస్త్రమో, న్యాయశాస్త్రమో, వ్యవసాయమో డిగ్రీలో చదివి తర్వాత జర్నలిజానికి వచ్చినవారు తమకు అప్పగించిన వార్తా రంగంలో, అంటే బీట్‌లో, త్వరగా నిలదొక్కుకుంటారు. ఆ డిగ్రీ రేపు వృత్తి మారాలనుకున్నా అక్కరకొస్తుంది.

బేరీజు వేసుకునే తీరు

తనకు ఈ పని పడుతుందా అన్న ప్రశ్నకు గదిలో కూర్చుని ఆలోచిస్తే జవాబు రాదు. ఒక సెమిస్టర్‌లో చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి. హాస్టల్ మెస్‌కు సరుకులు ఎవరు సరఫరా చేస్తారు, ధర ఎంత, మెనూ ఎవరు నిర్ణయిస్తారు అన్న విషయం మీద మూడువందల పదాల వార్త రాయడం ఒకటి. అందుకు వంటవాళ్లతోనూ, వార్డెన్‌తోనూ, విద్యార్థులతోనూ మాట్లాడాలి, ముగ్గురు చెప్పేదీ పొసగదు. సమాచార హక్కు చట్టం 2005 కింద ఒక దరఖాస్తు పెట్టి, ముప్పై రోజులు ఆగి, వచ్చిన జవాబులోంచి వార్త తీయడం ఇంకొకటి. ఒక రోజంతా జిల్లా కోర్టులో కూర్చోవడం, ఒక సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు పట్టుకొచ్చినవారితో మాట్లాడటం, రాసినదాన్ని సీనియర్‌కు ఇచ్చి ఎర్రసిరాతో దిద్దించుకోవడం కూడా ఈ కోవలోవే.

ఈ పనులు చేసేటప్పుడు ఒకటి గమనించాలి. వెళ్లేముందు భయపడ్డారా అన్నది లెక్కలోకి రాదు, కొత్తవారంతా భయపడతారు. తిరిగొచ్చాక ఇంకో ప్రశ్న అడిగి ఉండాల్సిందని అనిపించిందా, లేక అమ్మయ్య అయిపోయింది అనిపించిందా అన్నదే కొలత. మొదటిది పదేపదే జరిగితే రిపోర్టింగ్ పడుతుంది. రెండోదే జరుగుతున్నా, ఇతరుల కాపీ దిద్దేటప్పుడు కాలం తెలియకపోతే డెస్క్ పడుతుంది. మితభాషి అయినంత మాత్రాన ఈ వృత్తికి పనికిరారనుకోవడం పొరపాటు. తక్కువ మాట్లాడేవారి ముందు ఎదుటివారు ఎక్కువ మాట్లాడతారు. రెండూ జరగకపోతే ఒప్పుకోవడంలో తప్పు లేదు. రాయడం, వినడం, గడువులోగా పని ముగించడం నేర్చినవారికి ప్రకటనల రంగం, ప్రచురణ, అధ్యాపకత్వం, స్వచ్ఛంద సంస్థలు, సివిల్ సర్వీసుల పరీక్షలు తెరిచే ఉంటాయి.

గదిలో మాట, పేజీలో మాట

స్నేహాన్నీ వృత్తినీ ఒకే క్యాంపస్‌లో నేర్చుకునేవారికి ఒక చిక్కు వస్తుంది. రాత్రి హాస్టల్ గదిలో స్నేహితులు చెప్పుకున్న మాట పొద్దున గోడపత్రికలో కనిపిస్తే ఆ గది తలుపు మళ్లీ తెరుచుకోదు. విద్యార్థి సంఘంలో తిరుగుతూ ఆ సంఘం ధర్నా గురించి రాస్తే ఎవరూ నమ్మరు. సంఘంలో ఉండటం విద్యార్థి హక్కు. అలాంటప్పుడు ఆ వార్త ఇంకొకరికి అప్పగించడం మర్యాద. వార్త కోసం అడుగుతున్నప్పుడు ఆ మాట ముందే చెప్పాలి. పేరు రాయొద్దన్నవారికి ఒప్పుకుంటే ఆ మాటకు కట్టుబడాలి. తప్పు అచ్చయితే అంతే స్పష్టంగా సవరణ వేయాలి. న్యూస్‌రూంలో నైతిక నియమాలుగా నేర్పేవి ఇవే. హాస్టల్‌లో వీటినే నమ్మకం అంటారు.

ఇంట్లోవారికి కూడా వాటా ఉంది. జర్నలిజం అంటే అన్నం పెట్టదన్న మాట పూర్తిగా అబద్ధం కాదు, పూర్తిగా నిజమూ కాదు. వద్దని చెప్పేముందు పిల్లలు రాసిన నాలుగు వార్తలు చదవడం న్యాయం. చేరతానని పట్టుబట్టేముందు ఆ నాలుగు వార్తలు రాసి చూపడం పిల్లల బాధ్యత. సీటు వచ్చిన రోజున ఎవరూ జర్నలిస్టు కారు. మొదటి ఐదు కథనాలూ ఎర్రసిరాతో తిరిగొచ్చాక, ఆరోదానికోసం మళ్లీ బస్టాండుకు బయల్దేరినవారికే ఈ చదువు తగినది.